ఎక్కు, లాగు, తొక్కు, నడుపు

పోయినసారి వంటింటి మాటల గురించి రాశాను. ఈసారి బళ్ల మాటలు. మా ఆఫీసులో ఒక కాగితం గోడకు అంటించారు. ఉద్యోగులు ఏ బండి మీద పనికి రావచ్చు, ఏ బండి మీద రాకూడదు అని అందులో ఉంది. కాగితం బర్మీస్‌లో ఉంది. కానీ దాని సంగతి నాకు తెలుగు మాటల్లో ఆలోచిస్తేనే బాగా అర్థమైంది.

ముందు మాటలు చూద్దాం. మేం వీధిలో మాట్లాడే బర్మీస్‌లో ‘సీ’ అనే క్రియ ఉంది. బస్సులో వెళ్లినా సీ, సైకిలు మీద వెళ్లినా సీ, పడవలో వెళ్లినా సీ. చెప్పులు వేసుకోవడానికి కూడా అదే మాట. అన్నిటికీ ఒకటే కాబట్టి సులువు. తెలుగు అలా ఊరుకోదు. బస్సు ఎక్కాలి. సైకిలు తొక్కాలి. చేతి రిక్షా లాగాలి. ఎడ్లబండి తోలాలి. కారు నడపాలి. బండి మారితే క్రియ మారిపోతుంది.

ఈ జాబితా నాకు అమ్మమ్మ నేర్పింది. ఆమె మంచం మీద కూర్చుని, ఒక్కొక్క మాటకీ చేతులు, కాళ్లు ఆడించి చూపించింది. తొక్కడానికి కాళ్లు కదిపింది. లాగడానికి రెండు చేతులూ నడుం దగ్గర పెట్టి ముందుకు వంగింది. తోలడానికి చెర్నాకోల ఊపినట్టు చెయ్యి ఊపింది. ఎక్కడానికి మాత్రం ఏమీ చెయ్యలేదు. “ఎక్కితే ఏటి సేస్తావే, కూకుంతావు” అంది. ఆ రోజు నుంచి ఈ క్రియలు మరిచిపోలేదు. ఒక్కొక్క మాటా ఎవరి ఒళ్లు ఎంత కష్టపడుతోందో చెబుతుంది.

ఇక మా ఊరి సంగతి. మేం యాంగోన్‌లో సంచౌంగ్ అనే పేటలో ఉంటాం. పక్కనే మ్యేనీగోన్ కూడలి. మ్యే అంటే మట్టి, నీ అంటే ఎరుపు, గోన్ అంటే దిబ్బ. అంటే ఎర్రమట్టి దిబ్బ. విశాఖపట్నం దగ్గర, భీమిలి దారిలో కూడా ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. మా తాతముత్తాతలు అటువైపు నుంచి వచ్చిన వాళ్లే. సముద్రానికి ఇటూ అటూ ఒకే పేరు.

సంచౌంగ్‌లో వీధులు ఇరుకు. రెండు పక్కలా కార్లు నిలబెట్టి ఉంటాయి. మధ్యలో ఒక కారు పట్టేంత చోటే మిగులుతుంది. ఆ మధ్యలోనే కూరగాయల బుట్టలు, సైకా బళ్లు, బడి పిల్లలు. సైకా అంటే సైకిలుకు పక్కన సీటు తగిలించిన బండి. పక్క సీట్లో ఇద్దరు కూర్చోవచ్చు, ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి చూస్తూ. మా వీధి చివర ఎప్పుడూ మూడు నాలుగు సైకాలు ఉంటాయి.

ఒక బండి మాత్రం మా పేటలో మామూలుగా కనబడదు. మోటారు సైకిలు. మండలేలోనూ, మిగతా ఊళ్లలోనూ ఇంటింటికీ ఒకటి ఉంటుంది. కానీ యాంగోన్ నగరంలో మోటారు సైకిళ్లను 2003లో నిషేధించారు. పోలీసుల్లాంటి కొందరు ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం మినహాయింపు ఉంది. నిషేధం ఎందుకు పెట్టారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఒక పెద్ద అధికారి కారుకు ఎవరో మోటారు సైకిలు అడ్డం పెట్టారని కొందరు, ప్రమాదాలు ఎక్కువయ్యాయని కొందరు. కొన్ని పెద్ద రోడ్ల మీదికి మామూలు సైకిలును కూడా రానివ్వరు.

ఇక్కడ మాటల తమాషా ఒకటి ఉంది. బర్మీస్ వాళ్లు మోటారు సైకిలును ‘సైంకె’ అంటారు. అది ఇంగ్లీషు సైకిల్ నుంచే వచ్చింది. మామూలు సైకిలుకు వాళ్ల సొంత మాట ఉంది, ‘సెక్‌బేన్’. సెక్ అంటే యంత్రం, బేన్ అంటే చక్రం. కాబట్టి మా ఇంట్లో ఎవరైనా “సైకిలు మీద వచ్చాడు” అంటే, ఏ భాషలో అన్నారో చూసుకోవాలి. తెలుగులో అయితే పరవాలేదు. బర్మీస్‌లో అయితే పోలీసులు పట్టుకుంటారు.

ఆఫీసు దగ్గరికి వస్తాను. నేను సరుకులు నిల్వ చేసి పంపే ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను. పేరు చెప్పను. ఇన్సేన్ రోడ్డు వైపు ఉంటుంది. రెండేళ్లు నేను సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. పెద్ద రోడ్డు వదిలేసి, లోపలి వీధుల్లోంచి వెళితే నలభై నిమిషాలు. ఏడు నలభైకి ఇంట్లోంచి బయల్దేరితే ఎనిమిదిన్నరకు నా కుర్చీలో ఉండేదాన్ని.

ఒక వానాకాలం సాయంత్రం మా ఆఫీసు కుర్రాడు ఒకడు సైకిలు మీద ఇంటికి వెళుతుంటే కారు తగిలింది. కాలు విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. కంపెనీ ఒక పళ్ల బుట్ట, కొంచెం డబ్బు పంపింది. అతని అన్నయ్య ఆఫీసుకు వచ్చి, “పని నుంచి వస్తుంటే జరిగింది కదా, ఆస్పత్రి ఖర్చు మీరే పెట్టుకోవాలి” అన్నాడు. మేనేజరు గారు చాలా మర్యాదగా మాట్లాడారు. కానీ ఒప్పుకోలేదు. గేటు దాటాక జరిగింది మాది కాదు అన్నారు.

తర్వాత నెల గోడ మీద కాగితం వచ్చింది. అందులో ఉన్నది నా తెలుగులో ఇలా రాసుకున్నాను. ఉద్యోగులు కంపెనీ ఫెరీలో రావాలి. లేకపోతే సిటీ బస్సులోనో టాక్సీలోనో రావచ్చు. లైసెన్సు ఉన్న పై అధికారులు సొంత కారు తెచ్చుకోవచ్చు, లోపల నిలపడానికి చోటు ఇస్తారు. సైకిలు, ఎలక్ట్రిక్ సైకిలు, మోటారు సైకిలు ఏది తెచ్చినా గేటు లోపలికి రానివ్వరు. ఫెరీ తప్పిపోయి ఆలస్యంగా వస్తే సగం రోజు జీతం కోత.

ఫెరీ అంటే ఏమిటో చెప్పాలి. వేరే దేశాల్లో ఉన్న మీరు పడవ అనుకుంటారు. యాంగోన్‌లో ఫెరీ అంటే ఉద్యోగులను ఎక్కించుకుని తిరిగే కంపెనీ బండి. అది బస్సు కావచ్చు, వ్యాను కావచ్చు, వెనక బెంచీలు వేసిన చిన్న లారీ కావచ్చు. పొద్దున్నే హ్లైంగ్ తాయా బట్టల ఫ్యాక్టరీల వైపు వెళ్లే ఫెరీలు వరసగా కనబడతాయి. అద్దానికి ఫ్యాక్టరీ పేరు రాసిన కాగితం అంటించి ఉంటుంది. లోపల ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోతుంటారు.

ఫెరీకి డబ్బులు తీసుకోరు. అది మంచిదే. వానలో తడవను. బస్సు కోసం తోసుకోను. అమ్మ అయితే చాలా సంతోషపడింది. “కంపెనీ బండి ఇంటి దగ్గరికి వచ్చి తీసుకెళ్తోంది, దొరసానిలా వెళ్లు” అంది. కానీ ఆ ఫెరీ నా ఒక్కదాని కోసం రాదు. మ్యేనీగోన్ దగ్గర ఆరు యాభైకి నన్ను ఎక్కించుకుంటుంది. తర్వాత ఇంకా ఏడు చోట్ల ఆగుతుంది. నలభై నిమిషాల దారి గంటన్నర అవుతుంది. సాయంత్రం కూడా అంతే. అందరూ వచ్చేదాకా బండి కదలదు. ఇల్లు చేరేసరికి ఏడున్నర.

ఆ పోయిన గంట నాకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. అది నా తెలుగు గంట.

అమ్మమ్మకు ఎనభై దాటాయి. ఆమె పుట్టింది ఇక్కడే, ఆంధ్ర ఎప్పుడూ చూడలేదు. కానీ తెలుగు ఆమె నోట్లో ఉంది. అమ్మకు వినడం వచ్చు, మాట్లాడటం కొంచెం. నాకు చిన్నప్పుడు తిట్లు, అన్నం, నీళ్లు, రా, పో తప్ప ఏమీ రావు. పెద్దయ్యాక అక్షరాలు నేనే నేర్చుకున్నాను. అక్షరాలు ఫోను నేర్పుతుంది. “కూకుంతావు” అని ఏ ఫోనూ నేర్పదు. పొద్దున్న ఆరున్నర నుంచి ఏడున్నర దాకా అమ్మమ్మ మనసు తేటగా ఉంటుంది. టీ తాగుతూ మాట్లాడుతుంది. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. సాయంత్రానికి అలిసిపోతుంది. అప్పుడు ఏది అడిగినా బర్మీస్‌లోనే జవాబు వస్తుంది. ఒక్కొక్కసారి నన్ను వాళ్ల చెల్లెలు అనుకుంటుంది.

అంటే ఆ కాగితం నా సైకిలును ఒక్కదాన్నే ఆపలేదు. పొద్దున్న గంటను కూడా తీసుకుంది. కాగితం రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలిసినా వాళ్ల లెక్కలోకి రాదు.

మా తమ్ముడి కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. తమ్ముడు అంటే మా పిన్ని కొడుకు. నన్ను “అప్పా” అని పిలుస్తాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు అక్కను అప్ప అంటారు. ఇక్కడ కూడా ఆ మాట మిగిలిపోయింది. పుస్తకం తెలుగు నేర్చుకున్న వాళ్లు దీన్ని నాన్న అనుకుంటారు, జాగ్రత్త!

వాళ్ల ఇల్లు దలాలో. దలా అంటే యాంగోన్ నదికి అవతలి ఒడ్డు. పాన్సొడాన్ రేవు నుంచి పెద్ద పడవలో పది నిమిషాల్లో దాటవచ్చు. ఆ పడవల పేరు చెర్రీ. జపాను 2014లో ఇచ్చింది. నదికి ఇటు ఆకాశాన్ని తాకే హోటళ్లు ఉంటే, అటు మట్టి రోడ్లు, కొబ్బరి చెట్లు, చెరువులు. ఇంకో తేడా కూడా ఉంది. దలా వైపు మోటారు సైకిళ్లు తిరుగుతాయి. రేవు దగ్గర దిగగానే మోటారు సైకిలు టాక్సీ వాళ్లు చుట్టుముడతారు. మా తమ్ముడు పద్నాలుగేళ్ల నుంచి మోటారు సైకిలు నడుపుతున్నాడు. కానీ పది నిమిషాల నీళ్లు దాటితే ఆ విద్యకు విలువ లేదు.

నేను వాడికి మా గోడౌన్‌లో పని చూశాను. జీతం చిన్నదే అయినా నెలనెలా వస్తుంది. కానీ ఫెరీ ఆగే చోట్లలో వాడికి దగ్గరిది సులే. ఆరుంపావుకు అక్కడ ఉండాలి. అంటే ఇంట్లోంచి చీకటితో మోటారు సైకిలు మీద రేవుకు రావాలి, బండి అక్కడ డబ్బులిచ్చి పెట్టాలి, పడవ ఎక్కాలి, దిగి పరుగెత్తాలి. పొగమంచు పడితే పడవ ఆలస్యం. పడవ ఆలస్యమైతే ఫెరీ పోయినట్టే. ఫెరీ పోతే సగం జీతం పోయినట్టే. వాడు వేళ్ల మీద లెక్క వేసి, “అప్పా, నేను పని చేసేది నదితోనా, కంపెనీతోనా?” అన్నాడు.

చివరికి వాడు భోజనాలు ఇళ్లకు చేర్చే పనిలో చేరాడు. యాంగోన్‌లో మోటారు సైకిళ్లు నిషేధం కాబట్టి ఇక్కడ అన్నం పొట్లాలు సైకిళ్ల మీద వస్తాయి. హైదరాబాదులో ఉన్న నా స్నేహితురాలికి ఫోనులో ఒక ఫోటో చూపిస్తే నమ్మలేదు. అక్కడ ఆ పని అంతా మోటారు సైకిళ్లదే కదా. ఇక్కడ మండుటెండలో, మోకాలి లోతు వాన నీళ్లలో, వీపు మీద పెద్ద పెట్టె పెట్టుకుని కుర్రాళ్లు తొక్కుతుంటారు.

వాడి కంపెనీకి కూడా బండి నియమం ఉంది. సైకిలే ఉండాలి. సైకిలు నీదే అయ్యుండాలి. సైకిలు లేకపోతే పని లేదు. పంక్చరు పడితే నీ ఖర్చు. ఎవరైనా గుద్దితే నీ కాలు. పెట్టెకు, చొక్కాకు డబ్బు మొదటి జీతంలోంచి పట్టుకుంటారు.

చూడండి. ఒకే ఊరు, ఒకే ఇల్లు. నాకు పని ఇచ్చిన వాళ్లు సైకిలు మీద వస్తే గేటు తెరవం అన్నారు. వాడికి పని ఇచ్చిన వాళ్లు సైకిలు లేకుండా వస్తే పేరు రాసుకోం అన్నారు. మొదట్లో ఇవి రెండూ ఎదురెదురు నియమాలు అనుకున్నాను. తర్వాత చూస్తే రెండూ ఒకటే. ఏ బండి అన్నది వాళ్లు చెబుతారు. దారిలో ఏం జరిగినా అది మనది.

ఈ మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా ముత్తాత రంగం వచ్చిన కథలో కూడా ఇదే ఉంది. ఉత్తరాంధ్రలో రంగూన్‌ను రంగం అనేవారు. అమ్మమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది. భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి పొగ ఓడలు రంగూన్ వచ్చేవి. వేల మంది ఓడ పైతట్టు మీద చాపలు పరుచుకుని వచ్చేవారు. కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలందరినీ ఇక్కడ కోరంగీలు అన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే.

ఓడ టికెట్టు డబ్బు కూలీ దగ్గర ఉండేది కాదు. మేస్త్రీ ఇచ్చేవాడు. మేస్త్రీ అంటే ఊళ్లలో తిరిగి మనుషులను పోగుచేసి తెచ్చేవాడు. అతను టికెట్టు కొని, ఇంటి వాళ్లకు కొంచెం బయానా ఇచ్చి, ఓడ ఎక్కించేవాడు. ఇక్కడ దిగాక ఆ డబ్బు కూలిలోంచి కోసుకునేవాడు. అప్పు తీరేదాకా వేరే చోట పని చూసుకోవడానికి లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, అది కూడా ఒక ఫెరీ. పనికి తీసుకెళ్లే బండి పని ఇచ్చినవాడిది. అందుకని మనిషి కూడా అతనిదే అయిపోయాడు.

ముత్తాత రేవులో బస్తాలు మోశాడు. తర్వాత రిక్షా లాగాడు. అప్పట్లో రంగూన్‌లో చేతి రిక్షాలు లాగేవాళ్లలో ఎక్కువ మంది తెలుగువాళ్లు. రిక్షా లాగేవాడిది కాదు. సొంతదారుకు రోజుకు ఇంత అని అద్దె కట్టి తీసుకోవాలి. సవారీ దొరికినా దొరక్కపోయినా అద్దె మాత్రం కట్టాలి. అమ్మమ్మ వాళ్ల నాన్న గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒక మాట అంటుంది. “బండి ఆడిది, గుండె మనది.” ఇది సామెతో, ఆమె సొంత మాటో నాకు చెప్పలేదు. అడిగితే నవ్వింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాత లక్షల మంది భారతదేశానికి నడిచి వెళ్లిపోయారు. దారిలో చాలా మంది చచ్చిపోయారు. వాళ్లను ఇక్కడికి తెచ్చింది ఓడ. వెళ్లేటప్పుడు చాలా మందికి ఓడ దొరకలేదు, కాళ్లే మిగిలాయి. మా వాళ్లు నదికి అవతల ఒక పల్లెలో దాక్కున్నారు. అందుకే నేను ఇప్పుడు యాంగోన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను.

బండి నియమాలు మా దగ్గరే ఉన్నాయేమో అని నేను కొంచెం చదివాను. అన్ని చోట్లా ఉన్నాయి. అమెరికాలో డియర్‌బోర్న్ అనే ఊళ్లో ఫోర్డ్ వాళ్ల ట్రక్కు ఫ్యాక్టరీ ఉంది. 2006లో అక్కడ ఒక నియమం పెట్టారు. ఫ్యాక్టరీ పక్కన ఉన్న స్థలంలో ఫోర్డ్ సంస్థ బళ్లే నిలపాలి. వేరే కంపెనీ కారు కొన్న ఉద్యోగి రోడ్డు అవతల నిలిపి నడిచి రావాలి. మనం చేసే కారును మనమే కొనకపోతే ఎలా అని వాళ్ల వాదన. చలికాలంలో ఆ నడక ఎలా ఉంటుందో మిషిగన్‌లో ఉన్న చదువరులు చెప్పాలి. అక్కడ కార్మికుడికి కారు ఉంది కాబట్టి గొడవ కారు పేరు మీద. మా దగ్గర గొడవ రెండు చక్రాల మీద.

భారతదేశంలో దీనికి ఇంకో పక్క చూశాను. హైదరాబాదులో రాత్రి షిఫ్టులో ఆడవాళ్లతో పని చేయించే ఐటీ కంపెనీలు వాళ్లను క్యాబులో ఇంటికి చేర్చాలన్నది ప్రభుత్వం పెట్టిన షరతు. అక్కడ కంపెనీ బండి ఒక దయ కాదు, బాధ్యత. ఇంకొకటి, కార్మికుల బీమా చట్టం. దాన్ని ఈఎస్ఐ అంటారు. 2010లో ఆ చట్టానికి ఒక సవరణ చేశారు. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు గానీ, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు గానీ ప్రమాదం జరిగి, దానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్క. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. గేటు దాటాక కూడా దారి పనిలో భాగమే అని ఒక చట్టం ఒప్పుకుంది. కాలు విరిగిన మా ఆఫీసు కుర్రాడి అన్నయ్య అడిగింది కూడా అదే.

అందుకని నేను ఒక పని చేశాను. ఆఫీసులో పదకొండు మందిమి కలిసి ఒక ఉత్తరం రాశాం. కోపంగా రాయలేదు. మూడు అడిగాం. ఒకటి, దగ్గరలో ఉన్నవాళ్లను సైకిలు మీద రానివ్వండి. రెండు, ఫెరీ ఆలస్యమైతే జీతం కోయకండి, ఎందుకంటే ఫెరీ మీది. మూడు, మీరు చెప్పిన బండిలో వస్తున్నప్పుడు దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు మీదని కాగితం మీద రాసివ్వండి.

రెండు వారాలకు జవాబు వచ్చింది. రెండోది ఒప్పుకున్నారు. మూడోదాని గురించి ఏమీ రాయలేదు. మొదటిదానికి ఒక కొత్త కాగితం ఇచ్చారు. సైకిలు మీద రావాలనుకునే వాళ్లు దాని మీద సంతకం పెట్టాలి. ‘నా ఇష్టంతోనే సైకిలు మీద వస్తున్నాను. దారిలో ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదు. నేను గానీ నా కుటుంబం గానీ ఏమీ అడగం.’ ఇంచుమించు ఇలా ఉంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చాను. సంతకం పెడితే నా పొద్దున్న గంట నాకు తిరిగి వస్తుంది. అమ్మమ్మకు ఎనభై దాటాయని చెప్పాను కదా. ఆ గంటలు నాకు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం నాకు ఇష్టం లేదు. పెన్ను తీశాను కూడా. కానీ ‘నా కుటుంబం’ అన్న మాట దగ్గర ఆగాను. నా సంతకం నా కాళ్ల మీద చెల్లుతుంది. అమ్మ నోరు కట్టేయడానికి నేను ఎవరిని? ఇంకో సంగతి కూడా ఉంది. నేను సంతకం పెడితే, పెట్టని పది మందికి “ఆవిడ పెట్టింది కదా” అంటారు.

అమ్మమ్మను అడిగాను. అది సాయంత్రం, అయినా ఆ రోజు తెలుగులోనే జవాబిచ్చింది. “ఏలుముద్ర ఎయ్యకే” అంది. వాళ్ల నాన్న మేస్త్రీ కాగితం మీద వేలిముద్ర వేశాడట. చదవడం రాదు. ఎంత అప్పు రాసుకున్నారో తెలియదు. “నీకు సదువొచ్చు గదా. సదివీసి కూడా ఎత్తావేటి?” అంది.

నేను సంతకం పెట్టలేదు. పదకొండు మందిలో నలుగురు పెట్టారు. వాళ్లను నేను ఏమీ అనను. ఒకామెకు పాలు తాగే బిడ్డ ఉంది, ఆమెకు ఆ గంట నా గంట కన్నా ఎక్కువ. మిగిలిన ఏడుగురం ఫెరీ ఎక్కుతున్నాం. మూడోదాని కోసం మళ్లీ రాశాం. జవాబు ఇంకా రాలేదు.

నా సైకిలు తమ్ముడికి ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు, ఒక షరతు పెట్టాను. నాకు కూడా ఒక బండి నియమం ఉండాలి కదా! వాడు పొద్దున్నే చెర్రీ దాటి వచ్చి, మా ఇంటి మెట్ల కింద పెట్టిన సైకిలు తీసుకుంటాడు. అన్నం పొట్లాల పని పది దాటాకే మొదలవుతుంది. అప్పటిదాకా అమ్మమ్మ దగ్గర కూర్చుని టీ తాగాలి, ఆమె చెప్పింది ఫోనులో రికార్డు చెయ్యాలి. వాడికి తెలుగు అక్షరాలు రావు. ఏం అడగాలో నేను రాత్రి బర్మీస్‌లో రాసి పెడతాను. వాడు అడుగుతాడు. బండి భాగాలను ఏమంటారు, వాన రకాలు ఎన్ని, పెళ్లికి ఏం వండేవారు. వాడికి ఇష్టమైన ప్రశ్నలు కూడా మధ్యలో అడుగుతాడు. అవే బాగుంటాయి.

ఫెరీలో నేను చెవిలో పెట్టుకుని వింటాను. ముందు రోజు పొద్దున్నది ఈ రోజు పొద్దున్న వింటాను. పక్కన కూర్చున్న అమ్మాయి నా భుజం మీద నిద్రపోతుంది. కదలకుండా వినాలి. నోటుబుక్కులో రాయడం కుదరదు, రోడ్డు బాగా లేదు. కాబట్టి ఆఫీసులో దిగాక, లెక్కలు మొదలుపెట్టే ముందు గుర్తున్న మాటలు రాసుకుంటాను. ఎదురుగా కూర్చుని నేర్చుకోవడం లాంటిది కాదు. నేను అడగలేను, ఆమె నా ముఖం చూసి మళ్లీ చెప్పలేదు. కానీ తమ్ముడికి మాటలు వస్తున్నాయి. పోయిన వారం వాడు నాకు ఫోను చేసి, బర్మీస్ మధ్యలో, “అప్పా, బండి తొక్కీసి తొక్కీసి అలిసిపోనాను” అన్నాడు. అచ్చం అమ్మమ్మ యాసలో.

చివరగా ఒక్క మాట మిగిలింది, నడుపు. దీన్ని నేను కారుకు మాత్రమే వాడాలి అనుకునేదాన్ని కాదు గానీ, ఎంత దూరం వెళుతుందో ఈ మధ్యే చూశాను. నడుచు నుంచి నడుపు వచ్చింది. నడిచేలా చేయడం. కారు నడుపుతాం. కొట్టు నడుపుతాం. సంసారం నడుపుతాం. కంపెనీ నడుపుతాం. ఎక్కేవాళ్లు, లాగేవాళ్లు, తొక్కేవాళ్లు లేకపోతే కంపెనీ ఒక్క అడుగు కూడా నడవదు. కానీ నడిపేది ఎవరు అని అడిగితే వాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు. ఈసారి ఉత్తరంలో ఆ మాట బర్మీస్‌లో ఎలా రాయాలా అని చూస్తున్నాను. సరైన మాట దొరకలేదు.

మీ ఇళ్లలో మోటారు సైకిలుకు ఏ క్రియ వాడతారు? నడపడమా, తోలడమా? డర్బన్‌లో, మారిషస్‌లో, మలేషియాలో ఉన్న వాళ్లు తప్పకుండా చెప్పండి. మీ తాతల కాలంలో పనికి తీసుకెళ్లే బండిని ఏమనేవారో కూడా మీ ఇంటి పెద్దవాళ్లను అడగండి. పొద్దున్న పూట అడిగితే మంచిది.